మనోజ్ఞ కొలతలు

విజయవాడ,
18 జూన్ 2023.

అత్తయ్య గారికి,

నమస్కారాలు. ఇంకేమని పిలవాలో తెలియక పాత పిలుపుతోనే మొదలుపెడుతున్నాను. మీ అబ్బాయికీ నాకూ ఇక సంబంధం లేదని కోర్టు కాగితాల్లో రాశారు. మీకూ నాకూ ఏమవుతుందో మాత్రం వాటిల్లో ఎక్కడా రాయలేదు.

ఈ ఉత్తరం మణెమ్మ గాజుల కొట్టు చిరునామాకు పంపుతున్నాను. ఆమె మీ చేతికే ఇస్తుందని నమ్మకం. ఫోన్ చేస్తే సందీప్ చూస్తాడు. ఉత్తరమైతే మీరు చదివి చించెయ్యవచ్చు.

నేనిప్పుడు ఇక్కడ పిల్లల బట్టలు కుట్టే ఒక యూనిట్‌లో పని చేస్తున్నాను. హెప్సిబా అనే అమ్మాయి, నేను హాస్టల్లో ఒకే గదిలో ఉంటాం. బాగానే ఉన్నాను. నా గురించి చెప్పుకోవడానికి రాయడం లేదు లెండి.

నిన్న మనోజ్ఞకు గౌను కొందామని బజారుకు వెళ్ళాను. సెప్టెంబరుకు దానికి ఆరేళ్ళు నిండుతాయి కదా. మొదటి దుకాణంలో 'అయిదు–ఆరు సంవత్సరాలు' అని చీటీ ఉన్న గౌను తీసి చూస్తే నాలుగేళ్ళ పిల్లక్కూడా బిగుతయ్యేలా ఉంది. పక్క దుకాణంలో అదే చీటీ ఉన్నది ఎనిమిదేళ్ళ పిల్లకు సరిపోతుంది. మూడో చోట వయసే లేదు, ఇరవై ఆరు అని నంబరు మాత్రం ఉంది. అమ్మే అమ్మాయి అడిగింది, "పాప ఎంత ఎత్తుంటుంది మేడం?" అని. చూపిద్దామని చెయ్యి చాపాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు అత్తయ్యా. నడుం దగ్గర పెట్టాను. కొంచెం దించాను. మళ్ళీ ఎత్తాను. ఆ అమ్మాయి నవ్వి, "మీ పాపకేనా మేడం?" అంది.

మన దుకాణంలో పిల్లల బట్టల వైపు నాలుగేళ్ళు కూర్చున్నదాన్ని నేను. నా కూతురి సైజు చెప్పలేకపోయాను.

దాన్ని ఆఖరుసారి చూసింది లాయరు గదిలో, మూడున్నరేళ్ళప్పుడు. నెలకో ఆదివారం చూపిస్తామని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నారు. రెండుసార్లు చూపించారు. ఆ తర్వాత ప్రతి నెలా పిల్లకు జ్వరమో, పిల్ల ఊళ్ళో లేదనో. ఇప్పుడు అది అడగడం లేదు. మూడింట్లో మధ్యరకంగా కనిపించిన గౌను కొని ఈ పార్సిల్లో పెట్టాను. ఎలా ఉందో రాయండి. కొలతలు పంపండి. భుజం నుంచి మోకాలి దాకా పొడవు, ఛాతీ చుట్టుకొలత, చేతి పొడవు. అంతకంటే ఏమీ వద్దు.

ప్రియాంక

*

మార్కాపురం,
9 జూలై 2023.

చిరంజీవి ప్రియాంకకు,

చిరంజీవి పక్కన సౌభాగ్యవతి అని అలవాటుగా రాయబోయి కలం ఆపినాను. ఏమని దీవించాలో తోచక పేరుతోనే సరిపెట్టినాను.

నువ్వు రాయకుండా ఉండాల్సింది. సందీపుకు తెలిస్తే ఇల్లు ఇల్లుగా ఉండదు. మణెమ్మ నీ ఉత్తరాన్ని గాజుల కాగితంలో చుట్టి ఇచ్చింది. అది కొంగులో చుట్టుకోని మెట్లెక్కినా.

నువ్వు పంపిన గౌను చాలా పెద్దదైంది. భుజాలు మోచేతుల దాకా జారినాయి. పిల్ల అద్దంలో చూసుకోని "అవ్వా, ఇది నీ జాకెట్టా?" అని ఒకటే నవ్వు.

కొలతలు అడిగినావు. టేపు కింద దుకాణంలో ఉంటుంది. పైకి తెస్తే ఎందుకని అడుగుతాడు. అందుకని పూలు కట్టే దారంతో కొలిచి పంపుతున్నాను. ఒక ముడి ఉన్నది పొడవు, రెండు ముళ్ళు ఛాతీ, మూడు ముళ్ళు చెయ్యి. పిల్ల కుదురుగా నిలబడదు, గిలిగింతలని మెలికలు తిరుగుతాది. ఒక అర అంగుళం అటూ ఇటూ అయినా కావచ్చు.

సన్నగానే ఉంది. చేతులు పొడుగు, నీ పోలికే. కింది పన్ను ఒకటి కదులుతా ఉంది.

ఇంకేమీ అడగొద్దు. ఇది ఈ ఒక్కసారికే.

రాజేశ్వరమ్మ

*

విజయవాడ,
27 ఆగస్టు 2023.

అత్తయ్య గారికి,

దారాలు అందాయి. మంచం మీద మూడూ పక్కపక్కన పరిచి చాలాసేపు చూశాను. హెప్సిబా పని నుంచి వచ్చి, "ఏంటక్కా ఇవి?" అంది. "మా పాప" అన్నాను. తను ఇంకేమీ అడగకుండా టేపు తెచ్చి ఇచ్చింది. పొడవు ఇరవై అయిదు. ఛాతీ ఇరవై రెండు. చెయ్యి అయిదు, పొట్టి చేతులకు.

సైజులు ఎందుకు కలవవో ఇక్కడికి వచ్చాక అర్థమైంది. గుడ్డను అరవై పొరలుగా పరిచి ఒక్కసారే కోస్తారు. పై పొరకూ అడుగు పొరకూ వేలెడంత తేడా వస్తుంది. అన్నిటికీ ఒకే చీటీ కుడతాం. ఒక్కోసారి ఇరవై నాలుగు నంబరు చీటీలు అయిపోతే, ఇరవై ఆరు చీటీలే కానివ్వమంటాడు మేస్త్రీ. ఒక కంపెనీ వాళ్ళు తమ పిల్లల్ని బొద్దుగా అనుకుంటారు, ఇంకో కంపెనీ వాళ్ళు సన్నగా అనుకుంటారు. ఏ పిల్లనూ చూసి కుట్టింది కాదు ఆ నంబరు. దుకాణంలో సైజు పట్టలేదని వెనక్కి తెచ్చేవాళ్ళను మనం ఎంత విసుక్కునేవాళ్ళమో గుర్తొచ్చి సిగ్గేసింది.

అందుకే ఈసారి కొనలేదు. పని అయిపోయాక మిషను అడిగి నేనే కుట్టాను. లేత పసుపు నూలు గుడ్డ. ఛాతీ దగ్గర చిన్న కుచ్చులు. కింద మూడంగుళాల మడత వదిలాను, పొడుగయ్యే కొద్దీ విప్పుకోవచ్చు. పక్కల్లో కూడా గుడ్డ వదిలాను. పుట్టినరోజుకు వెయ్యండి. వేసుకుని బడికి వెళ్ళిందో లేదో, స్నేహితులు ఏమన్నారో రాయండి. వీలైతే ఒక్క ఫోటో.

ప్రియాంక

*

మార్కాపురం,
24 సెప్టెంబరు 2023.

ప్రియాంకా,

గౌను అచ్చం దానికోసమే పుట్టినట్టు కుదిరింది. అద్దం ముందు గిరగిరా తిరిగి, గౌను అంచు పట్టుకోని వంగి దండం పెట్టింది. ఎవరు కుట్టినారని అందరూ అడిగినారు. చంక కింద ఒక్క రవ్వ బిగువు, అంతే.

ఫోటో అడిగినావు. నా ఫోన్‌లో ఫోటోలు పడటం లేదు. బాగు చేయిస్తే చూద్దాం.

ఆ పన్ను ఊడిపోయింది. దాన్ని అగ్గిపెట్టెలో దాచి వచ్చిన వాళ్ళకల్లా చూపిస్తా ఉంది. మన వీధి చివర బడిలోనే వేసినాం, ఒకటో తరగతిలో అంకెలు బాగా చేస్తాదంట, తెలుగు మాత్రం అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తాది.

ఒక్కసారికే అన్నాను గానీ, మళ్ళీ దారాలు పెడుతున్నా. అర అంగుళం పెరిగింది. వేళకు తిను. నీ రాత చూస్తే ఒంటి మీద శ్రద్ధ పెట్టే మనిషిలా లేవు.

రాజేశ్వరమ్మ

*

విజయవాడ,
19 నవంబరు 2023.

అత్తయ్య గారికి,

ఆకుపచ్చ గౌను పంపుతున్నాను. చంక దగ్గర వదులు చేశాను.

మిమ్మల్ని ఒక మాట అడగాలి. పసుపు గౌను ఉతికాక ఎలా ఉందో మీరు రాయలేదు. ఆ గుడ్డ మొదటి ఉతుకులో రంగు దిగుతుంది, పక్కన ఉన్న తెల్లబట్టల్ని కూడా పాడు చేస్తుంది. ఆ సంగతి రాయడం మర్చిపోయాను, మీరు తిడుతూ ఉత్తరం రాస్తారనుకున్నాను. రాయలేదు. మీ ఉత్తరాల్లో నా కూతురు ఎప్పుడూ అద్దం ముందే ఉంటుంది. కూర మరక లేదు, చిరుగు లేదు, బడిలో ఎవరో లాగితే ఊడిన గుండీ లేదు. ఆరేళ్ళ పిల్ల వేసుకున్న గౌను అలా ఉండదు అత్తయ్యా. అది నిజంగా వేసుకుంటోందా?

ఇంకొకటి. ఇది మూడేళ్ళుగా గొంతులో ఉంది. కొన్న గౌను పట్టలేదని బేస్తవారిపేట నుంచి ఒకామె చంటిపిల్లతో తిరిగి వస్తే, బిల్లు లేకపోయినా నేను మార్చి ఇచ్చిన రోజు. మధ్యాహ్నం దుకాణం మూసి సందీప్ పైకి వచ్చాడు. గజం బద్ద చేతిలోనే ఉంది. మొదటి దెబ్బకే నేను మీ గది వైపు పరిగెత్తాను. "అత్తయ్యా" అని పిలిచాను. మీరు గడపలో ఉన్నారు. నన్ను చూశారు. చూసి తలుపు వేసుకున్నారు. గడియ పడిన చప్పుడు కూడా విన్నాను.

ఎందుకు వేశారు?

ప్రియాంక

*

మార్కాపురం,
28 జనవరి 2024.

ప్రియాంకా,

రెండు నెలలు జవాబు రాయలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ పిల్ల బట్టలూ పన్నూ అని మొదలుపెట్టి చించేసినాను. ఈసారి నువ్వు అడిగిందే రాస్తున్నా.

నువ్వు పంపిన గౌన్లు పిల్ల ఒక్కనాడూ బయటికి వేసుకోని పోలేదు. సందీపు దుకాణంలో ఉన్నప్పుడు, పిల్లకు బడి లేని రోజు, నా గది తలుపేసి తొడుగుతాను. కాసేపు అద్దం ముందు తిరుగుతాది. ఎక్కడ బిగువు, ఎక్కడ వదులు అని చూసుకోని, విప్పి మడిచి బీరువా అడుగున పెడతాను. అది పిల్లకు ఆటైపోయింది. "అవ్వా, గది గౌను ఏసుకుందామా?" అని అడుగుతాది. పసుపుది మూడుసార్లు వేసుకుంది. నాలుగోసారికి పట్టలేదు. మడత విప్పమని నువ్వు రాసినావు గానీ, ఎవరైనా చూస్తారని సూది పట్టడానికి కూడా భయపడినాను. అందరూ అడిగినారని రాసింది అబద్ధం. చూసింది నేనొక్కదాన్నే.

పోయిన గురువారం బీరువా తాళంచెవి మంచం మీద మర్చిపోయి స్నానానికి పోయినా. వచ్చేసరికి ఆకుపచ్చ గౌను తనే తొడుక్కోని కిందికి దుకాణంలోకి పోయింది. "నాయనా, సూడు, ఎట్లుంది?" అని తిరిగి చూపించిందంట. వాడు ముందు నవ్వినాడంట. తర్వాత కింది మడత పట్టుకోని చూసినాడు. దుకాణంలో నాలుగేళ్ళు నీ చేతి కుట్టు చూసినవాడు కదా. పిల్లను చేయి పట్టుకోని పైకి తెచ్చి, "ఈ మడత ఎవురిదో నాకు తెల్దనుకుంటివా మా?" అన్నాడు. పిల్లను కొట్టలేదులే. బట్టలు మార్పించి, బీరువాలో ఉన్నవి కూడా తీయించినాడు. మూడింటికీ చీటీలు తగిలించి దుకాణంలో అమ్మకానికి పెట్టినాడు. పసుపు గౌనుకు 'మూడు–నాలుగు సంవత్సరాలు' అని పెట్టినాడు. కొమరోలు వాళ్ళెవరో కొనుక్కోని పోయినారు.

పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు. "గది గౌను వాళ్ళకెందుకిచ్చినావు అవ్వా?" అని అడిగింది.

ఇప్పుడు తలుపు సంగతి. పిల్ల నా గదిలో నిద్రపోతా ఉంది, ఆ గొడవ చూడకూడదని తలుపేసినాను అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నా. అడిగితే నీకూ అదే చెప్పాలనుకున్నా. అది నిజం కాదు. పిల్ల అప్పటికే లేచి కూర్చోనే ఉంది. నాకు భయమేసింది. సందీపు వాళ్ళ నాయన నన్ను కొట్టినప్పుడు మా అత్త కూడా అట్లనే తలుపేసుకునేది. తలుపు అవతల నువ్వు పిలుస్తా ఉంటే, నేను గడియ మీద చెయ్యి పెట్టుకోనే నిలబడినా. తీయలేదు. ఆ రాత్రే నువ్వు ఒంటిగా ఇల్లు దాటినావు. మరునాడు మీ తమ్ముడితో పిల్ల కోసం వస్తే, ఇయ్యనన్న వాడికి నేను అడ్డం చెప్పలేదు, వాడి తరఫునే కూర్చున్నా. పెద్దమనుషులు "ఆడమనిషి మీద చెయ్యి చేసుకున్నాడా?" అని అడిగితే, నాకు తెలియదని చెప్పినా.

దీనికి క్షమాపణ అడిగే మొహం నాకు లేదు. తెలిసి ఉండాలని రాసినా.

రాజేశ్వరమ్మ

*

విజయవాడ,
11 ఫిబ్రవరి 2024.

రాజేశ్వరమ్మ గారికి,

ఉత్తరం అందింది.

నా పాప ఆ గౌను వేసుకుని బడి మెట్లెక్కుతోందనుకుని నేను అయిదు నెలలు నిద్రపోయాను. మీరు నాకు నిద్ర ఇచ్చారు, నిజమే. అది కూడా దొంగ చీటీ తగిలించిన సరుకే.

పెద్దమనుషుల ముందు మీరు 'తెలియదు' అన్నందుకే, పిల్లను మీ ఇంట్లో వదిలే కాగితాల మీద నేను సంతకం పెట్టాను. చూసినవాళ్ళు ఎవరూ లేరన్నారు మా అమ్మతో సహా అందరూ. బిడ్డ కోసం కొట్లాడితే నన్ను పిచ్చిదాన్ని అంటారన్నారు. ఇప్పుడు మీకు గుర్తొచ్చింది.

ఇక కొలతలు పంపకండి. అది పెరుగుతోందని తెలుస్తూ, చూడలేకపోవడం నా వల్ల కాదు.

ప్రియాంక

*

విజయవాడ,
16 జూన్ 2024.

అత్తయ్యా,

ఇంక రాయకూడదనుకున్నాను. కానీ నిన్న జరిగింది చెప్పుకోవడానికి ఈ లోకంలో మీరు తప్ప నాకెవరూ లేరు. హెప్సిబా చూసింది, కానీ తనకు మనోజ్ఞ తెలియదు.

మా యూనిట్ వాళ్ళు ఈ ఏడు బడి యూనిఫాంలు ఒప్పుకున్నారు. పిల్లల కొలతలు తీసుకోవడానికి మనుషుల్ని పంపుతున్నారు. పొదిలి, కంభం, మార్కాపురం అని జాబితాలో చూసి, బడి పేరు చదివాను. మీరు ఒకసారి రాశారు, అదే బడి. మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడి నేనూ వెళ్ళాను. మార్కాపురంలో బస్సు దిగాక ముసుగులా పైట తలమీద కప్పుకున్నాను, మన వీధి వాళ్ళెవరైనా చూస్తారని.

రెండో తరగతి గదిలో నలభై మంది దాకా ఉన్నారు. టీచరు హాజరు పుస్తకం చూసి పేర్లు పిలుస్తోంది. పిలిచిన పిల్ల వచ్చి నిలబడితే నేను కొలతలు చెబుతాను, హెప్సిబా రాసుకుంటుంది. "మనోజ్ఞా" అని పిలిచింది టీచరు. ఇద్దరు లేచారు.

ఇద్దరూ సన్నగా ఉన్నారు. ఇద్దరికీ రెండు జడలు. నేను ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని చూశాను. నాకు తెలియలేదు అత్తయ్యా. ఒక్క క్షణమే. టీచరు ఇంటిపేరు కలిపి మళ్ళీ పిలిచేలోపే చేతులు చూసి పోల్చుకున్నాను. కానీ ఆ క్షణం మాత్రం ఉంది. దాన్ని నేను ఎక్కడా దాచుకోలేను.

వచ్చి నా ముందు నిలబడింది. నా ఛాతీ దాకా వచ్చింది. చేతులు చాపమన్నాను. చాపింది.

"ఆంటీ, లూజుగా పెట్టండి. నేను బిరబిరా పొడుగైతానంట, మా అవ్వ చెప్పింది" అంది.

"సరే" అన్నాను.

"ఈడ గిలిగింతలు ఆంటీ" అని మెలికలు తిరిగింది. నుదుటి మీద కుడివైపు చిన్న మచ్చ ఉంది. అది నాకు తెలియని మచ్చ. "ఇదెప్పుడు తగిలింది?" అని అడిగాను.

"ఎల్‌కేజీలో పడినా. నాలుగు కుట్లేసినారు."

"ఏడ్చావా?"

"సానా."

మీరు నాకు ఆ మాట రాయలేదు. మీ తప్పని కాదు, అప్పటికి మనం ఉత్తరాలు రాసుకోవడం లేదు.

"ఇంట్లో ఎవరెవరుంటారు?" అన్నాను. అడగకూడదని తెలుసు.

"మా నాయన, మా అవ్వ. అమ్మ లేదు. ఊరికి పోయింది."

"ఎప్పుడొస్తుంది?"

"రాదంట" అంది. బాధగా అనలేదు. ఈ రోజు సెలవు అన్నట్టు అంది.

భుజం కొలిచాను, పొడవు, నడుం. తర్వాత యూనిఫాంకు అక్కర్లేనివి కూడా కొలిచాను. మెడ, మణికట్టు, అరచెయ్యి. మోకాలి నుంచి మడమ దాకా. వదలబుద్ధి కాలేదు. టీచరు, "ఒక్క పిల్లకు ఇంతసేపా మేడం?" అంది. "టేపు మెలిక పడింది మేడం" అని హెప్సిబా సర్దింది. నేను అంకెలు తప్పు చెబుతున్నానని తనే నా చేతిలోంచి టేపు తీసుకుని, మళ్ళీ మొదట్నుంచి కొలిచి రాసింది. మనోజ్ఞ నా మొహం చూసి, "ఆంటీ, మీకు కళ్ళల్లో ఏమో పడింది" అని చెప్పి వెళ్ళి తన చోట కూర్చుంది.

నేను అమ్మనని చెప్పలేదు. పిల్ల మంచి కోసం ఊరుకున్నానని మీతో అనను. చెబితే భయపడి టీచరు వెనక్కి వెళ్తుందేమోనని ఊరుకున్నాను. అది చూసి బతకలేననిపించింది. తలుపు అవతల మీకు ఎలా ఉండి ఉంటుందో నిన్న కొంచెం తెలిసింది. తెలిసిందంటే ఒప్పుకున్నానని కాదు.

ప్రియాంక

*

మార్కాపురం,
30 జూన్ 2024.

అమ్మా ప్రియాంకా,

నువ్వు రాయకముందే నాకు తెలిసింది. ఆ రోజు బడి నుంచి వచ్చి సంచీ కింద పెట్టకుండానే, "అవ్వా, యూనిఫాం ఆంటీ నన్ను కొలిసి ఏడ్సింది" అని చెప్పింది. ఎట్లుంది ఆమె అని అడిగినా. "పొడుగు చేతులు. బాగుంది" అనింది.

నాకు ఇంక ఆగలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకోని, "ఆమె మీ అమ్మే" అన్నాను.

జడ కొస తిప్పుకుంటా నా మొహం చూసింది. తర్వాత అడిగింది, "మా అమ్మయితే కొలతలెందుకు అవ్వా? మా క్లాసు ఫెబీ వాళ్ళమ్మ టేపు పెట్టకుండానే గౌన్లు తెస్తాది. అమ్మలకు తెలుస్తాది గదా?"

ఈ మాట నీకు రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించినా. దాచి దాచి ఇంత చేసినాను కాబట్టి రాస్తున్నా.

ఆ పొద్దే అన్నం తినేటప్పుడు వాళ్ళ నాయనతో కూడా చెప్పేసింది. వాడు కంచం పక్కకు నెట్టి, "నువ్వు మీ అన్న ఇంటికి పో మా, కంభానికి. ఈడ ఉండొద్దు" అన్నాడు. పిల్ల చూస్తానే ఉంది. అరవై రెండేళ్ళకు మొదటిసారి వాడికి ఎదురు చెప్పి, "నేను యాడికీ పోను. ఇది నా మొగుడు కట్టిన ఇల్లు. పోతే కోర్టుకు పోతా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లొచ్చిందో నాకే తెలియదు. వాడు నాతో ఆ రోజు నుంచి మాట్లాడటం లేదు. ఉత్తరాలు ఇకమీదట దాచే పని లేదు, ఇంటి చిరునామాకే రాయి.

మరుసటి సోమవారం మణెమ్మను తోడు తీసుకోని నీ పాత లాయరు దగ్గరికి పోయినా. ఆ రోజు నేను చూసింది, తలుపేసుకుంది, పెద్దమనుషుల ముందు అబద్ధం చెప్పింది, అన్నీ చెప్పి రాయించినా. చదివి వినిపిస్తే ప్రతి కాగితం మీదా సంతకం పెట్టినా. పిల్లను చూపించే ఒప్పందాన్ని వాళ్ళు పాటించలేదని నువ్వు అర్జీ పెట్టాలంట. పిల్ల పూర్తిగా నీ దగ్గరికి వచ్చేదానికి చాలా కాలం పడుతుందంట, రావచ్చు రాకపోవచ్చు అన్నాడు. ముందు చూసేదానికి మాత్రం దారి ఉందంట. ఎంతమంది ముందు అడిగినా నేను చెప్తాను. నువ్వు వచ్చి సంతకం పెట్టు.

నాలుగేళ్ళు ఆలస్యంగా తీసిన తలుపు ఇది. లోపలికి రమ్మనే హక్కు నాకు లేదు. అయినా రా.

మీ అత్తయ్య

*

విజయవాడ,
9 సెప్టెంబరు 2024.

మనోజ్ఞకు,

ఇది నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం. అవ్వ చదివి వినిపిస్తుంది. పెద్ద అక్షరాలు నువ్వే చదువుకోవచ్చు, అందుకే విడివిడిగా రాస్తున్నాను.

నిన్న కోర్టులో పిల్లల్ని కలిసే గదిలో మనం కలిశాం. నెలకో ఆదివారం రెండు గంటలు నీతో ఉండవచ్చని జడ్జి గారు చెప్పారు. నువ్వు అవ్వ కొంగు వదల్లేదు. నేను తెచ్చిన గౌను వేసి చూద్దామంటే వద్దన్నావు. పావుగంటకే "ఇంటికి పోదాం అవ్వా" అన్నావు. అవ్వ ఇంకాసేపు ఉందామంటే ఏడ్చావు. అందుకని నేనే తీసుకెళ్ళమన్నాను. నువ్వు తప్పు చేశావని అనుకోవద్దు. నీకు తెలియని మనిషి దగ్గర కూర్చోమంటే ఎవరికైనా ఏడుపు వస్తుంది. నన్ను ఆంటీ అన్నావని అవ్వ నిన్ను కోప్పడింది. కోప్పడవద్దని నేను చెప్పాను. నీకు ఏది నోటికి వస్తే అలాగే పిలువు.

నువ్వు అవ్వను అడిగిన ప్రశ్న నాకు తెలుసు. నిన్న చెబుదామనుకున్నాను, నువ్వు ఏడుస్తుంటే చెప్పలేకపోయాను.

నువ్వు అన్నది నిజమే. అమ్మలకు తెలుస్తుంది. పొద్దున్నే తల దువ్వుతూ, అన్నం పెడుతూ, రోజూ పక్కన ఉంటే తెలుస్తుంది. నీకు మూడేళ్ళప్పుడు ఎంత ఉన్నావో నాకు తెలుసు. నిన్ను ఎత్తుకుంటే నీ పాదాలు నా నడుం దగ్గర తగిలేవి. ఆ తర్వాత నువ్వు పెరిగిన రోజుల్లో నేను నీ దగ్గర లేను. నీ నుదుటికి కుట్లు వేసినప్పుడు లేను. పన్ను ఊడినప్పుడు లేను. అందుకే నాకు టేపు కావాల్సి వచ్చింది. నేను ఊరికి పోయి నిన్ను మర్చిపోలేదు. ఎందుకు వెళ్ళానో నువ్వు పెద్దయ్యాక అడుగు, ఏమీ దాచకుండా చెబుతాను. మీ నాయన మీద నీకు కోపం రావాలని నేను అనుకోవడం లేదు.

బడిలో నీ పేరే ఉన్న ఇంకో పాప నీ పక్కన నిలబడితే, నువ్వెవరో నాకు వెంటనే తెలియలేదు. ఇది నీకు చెప్పక్కర్లేదని హెప్సిబా అంటోంది. కానీ నువ్వు నిజంగా అడిగావు కాబట్టి నేనూ నిజంగానే చెబుతున్నాను.

ఆ గౌను అవ్వ దగ్గరే ఉంటుంది. ఇష్టమైతే వేసుకో. బడికైనా, బజారుకైనా, ఎక్కడికైనా వేసుకోవచ్చు. నచ్చకపోతే ఇంకెవరికైనా ఇచ్చెయ్యి.

వచ్చే నెల రెండో ఆదివారం పది గంటలకు వస్తాను. నీకు రావాలనిపించకపోతే ఫరవాలేదు, అవ్వ బలవంతం చెయ్యదు. నువ్వు వచ్చినా రాకపోయినా, పన్నెండు అయ్యేదాకా నేను ఆ గదిలోనే కూర్చుని ఉంటాను.

మీ అమ్మ,
ప్రియాంక